మొదటి మ్యాచ్‌లో ఓడినవాళ్లు సాయంత్రం దాకా ఉండాలి: కాలనీ ఆటలు, కళల పోటీలు నడిపిన నా అనుభవం

కాలనీలో ఆటల పోటీలు పెడదామనగానే ఎవరైనా ముందు మాట్లాడేది ఎంత పెద్ద కప్పు తేవాలి, చీఫ్ గెస్టుగా ఎవర్ని పిలవాలి అనే. ఈసారి నిర్వహణ నాకు అప్పజెప్పినప్పుడు నేను కమిటీ ముందు పెట్టిన మాట ఒక్కటే. పొద్దున్నే మొదటి మ్యాచ్‌లో ఓడిపోయినవాళ్లు సాయంత్రం బహుమతులిచ్చేటప్పుడు కూడా గ్రౌండ్‌లోనే ఉండాలి, అదీ ఎవరో బతిమాలితే కాదు, వాళ్లకే ఉండాలనిపించి ఉండాలి. ఫిక్చర్లు, టైమింగులు, స్టేజీ, మైకు, బహుమతులు అన్నీ ఈ మాటను బట్టే ఖాయం చేశాం. ఎలా చేశామో ఇక్కడ వివరంగా రాస్తున్నాను, మీ వీధిలోనో అపార్ట్‌మెంట్‌లోనో ఇలాంటిది పెట్టాలనుకునేవాళ్లకు పనికొస్తుందని.

ఎందుకంత పట్టుబట్టానంటే, నేను చూసిన కాలనీ పోటీలన్నీ దాదాపు ఒకే తీరుగా నడిచేవి. నాకౌట్ పెడతారు. 16 టీములు వస్తే మొదటి రౌండ్ అయ్యేసరికి 8 టీములు ఇంటికి. వారాల తరబడి ప్రాక్టీస్ చేసి, డ్రెస్సులు కుట్టించుకుని, ఇంట్లోవాళ్లందరినీ వెంటేసుకుని వచ్చినవాళ్లలో సగం మంది అరగంట కూడా ఆడకుండానే వెళ్లిపోతారు. ఫైనల్ టైంకి చూస్తే ఆడే రెండు టీములు, వాళ్ల బంధువులు, కమిటీ వాళ్లు తప్ప గ్రౌండ్ ఖాళీ. బాగా ఆడేవాళ్లకి మన పోటీలు లేకపోయినా ఇంకోచోట ఆడుకునే అవకాశం దొరుకుతుంది. కాలనీ పోటీలు నిజంగా కావాల్సింది ఏడాదికోసారి మాత్రమే బంతి ముట్టుకునేవాళ్లకి. వాళ్లని పది గంటలకే పంపించేస్తే ఇంత శ్రమ ఎవరి కోసం పడుతున్నట్టు?

వాలీబాల్‌కి 11 టీములు పేర్లిచ్చాయి. నాకౌట్ లెక్క తేలిక, మ్యాచ్‌కో టీమ్ బయటికి పోతుంది కాబట్టి 11 టీములకి 10 మ్యాచ్‌లు, 16కి 5 టీములు తక్కువ కాబట్టి 5 టీములకి బై, అంటే మొదటి రౌండ్ ఆడకుండానే రెండో రౌండ్‌కి. అందరితో అందరూ ఆడే లీగ్ అయితే 55 మ్యాచ్‌లు, ఒక్క రోజులో అయ్యే పని కాదు. ఈ రెండిటికీ మధ్య దారి ఏంటా అని ఆలోచిస్తుంటే అది రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గరే దొరికింది. టీమ్ లేకుండా ఒంటరిగా వచ్చి "నన్ను కూడా ఎందులోనైనా కలపండి" అని అడిగినవాళ్లు కొంతమంది ఉన్నారు. కొత్తగా అద్దెకు దిగినవాళ్లు, నైట్ డ్యూటీల వల్ల కాలనీలో ఎవరితోనూ పరిచయం లేనివాళ్లు, రిటైరైన ఒక పెద్దాయన. వాళ్లందరినీ కలిపి 12వ టీమ్ చేశాం. 12 వచ్చిందంటే ఫిక్చర్ వేసేవాడి పని సగం అయిపోయినట్టే. మూడేసి టీములతో 4 గ్రూపులు, గ్రూపుకి 3 మ్యాచ్‌ల చొప్పున మొత్తం 12, ప్రతి టీమ్‌కీ 2 మ్యాచ్‌లు ఖాయం. గ్రూపులో ఫస్ట్ వచ్చిన 4 టీములకి సెమీస్, ఫైనల్. సెకండ్ వచ్చిన నాలుగింటికీ విడిగా సెమీస్, ఫైనల్, దానికి 'రెండో కప్పు' అని పేరు పెట్టాం. అంతా కలిపి 18 మ్యాచ్‌లు. గ్రూపు మ్యాచ్ 25 పాయింట్ల ఒకే సెట్, ఫైనల్ ఒక్కటే మూడింటిలో రెండు సెట్లు. టీములు మారే టైంతో కలిపి సెట్‌కి 25 నిమిషాలు వేసుకున్నా, రెండు కోర్టులు ఉంటే గ్రూపు మ్యాచ్‌లు రెండున్నర గంటల్లో అయిపోతాయి. గ్రూపులో మూడో స్థానం వచ్చినవాళ్ల సంగతి కూడా ఆలోచించాం, అది తాడు లాగుడు దగ్గర చెబుతాను.

రెండో కప్పు అనగానే కమిటీలో ఒక పెద్దాయన ఒప్పుకోలేదు. "ఓడినవాళ్లకి కప్పేంటి బాబూ, గెలిచినవాళ్ల కప్పుకి విలువుండొద్దూ?" అన్నారు. ఆయన మాటలో న్యాయం ఉంది, అందుకే రెండో కప్పు చిన్నది తెచ్చాం, స్టేజీ మీద కూడా ముందు అదే ఇచ్చి మెయిన్ కప్పు చివర్లో ఇచ్చాం. ఆరోజు రెండో కప్పు ఫైనల్‌కి కోర్టు చుట్టూ నిలబడ్డ జనాన్ని చూసి ఆయనే కుర్చీ తెప్పించుకుని గీత పక్కన కూర్చున్నారు. రెండు టీములూ దాదాపు ఒకే స్థాయిలో ఉండటంతో మెయిన్ ఫైనల్ కన్నా ఇదే హోరాహోరీగా సాగింది.

మూడేసి టీముల గ్రూపులతో ఒక చిక్కు ఉంది, ముందే చెబుతున్నా. ముగ్గురూ తలో మ్యాచ్ గెలిస్తే ఎవరు ఫస్ట్? మాకు ఒక గ్రూపులో సరిగ్గా ఇదే జరిగింది. మొదటి టీమ్ రెండో టీమ్‌ని 25-20తో ఓడించింది, రెండోది మూడోదాన్ని 25-18తో, మూడోది తిరిగి మొదటిదాన్ని 25-23తో. ఇలాంటప్పుడు సాధించిన పాయింట్లని ఇచ్చిన పాయింట్లతో భాగించి, నిష్పత్తి ఎవరిది ఎక్కువైతే వాళ్లని ముందు నిలబెడతారు. మొదటి టీమ్ 48కి 45, అంటే 1.067. రెండోది 45కి 43, అంటే 1.047. మూడోది 43కి 48, ఒకటి కన్నా తక్కువ. తేడా అంత సన్నగా ఉంది. రెండో టీమ్ కెప్టెన్ లేచి "మా గెలుపే పెద్ద గెలుపు కదా" అన్నాడు, అది నిజమే కూడా, ఏడు పాయింట్ల తేడాతో గెలిచారు. కానీ ఈ రూల్ ముందురోజే పేపర్ మీద రాసి కెప్టెన్లందరితో సంతకం పెట్టించి ఉన్నాం. స్కోర్‌బోర్డు పక్కన చాక్‌పీస్‌తో లెక్క వేసి చూపించాక అతనే ఇంకోసారి భాగహారం చేసుకుని సరేనన్నాడు. గొడవలు వచ్చేది రూల్ వల్ల కాదు, రూల్ అప్పటికప్పుడు పుట్టిందన్న అనుమానం వల్ల. ఆ పేపర్ మీదే ఇంకో లైను కూడా ఉంది, రిఫరీతో మాట్లాడే హక్కు కెప్టెన్‌కి మాత్రమే అని. అసలు వాలీబాల్ రూల్స్‌లో ఉన్నదే అది. ఈ ఒక్క లైను వల్ల రిఫరీ చుట్టూ గుంపు మూగడం పూర్తిగా ఆగిపోయింది.

ఇక కోర్టులు. ఎప్పుడూ జరిగేది ఏంటంటే సున్నం బకెట్ పట్టుకుని కంటి అంచనాతో గీసుకుంటూ పోతారు, చివరికి కోర్టు ఒక పక్క వెడల్పుగా, ఇంకో పక్క ఇరుకుగా వస్తుంది. మాకు తెలిసిన పీఈటీ మాస్టారు ముందురోజు సాయంత్రం వచ్చి గీసే పద్ధతి చూపించారు. ముందు ఒక మూలలో మేకు కొట్టి, అక్కణ్ణుంచి ఒక వైపు 3 మీటర్ల దగ్గర, రెండో వైపు 4 మీటర్ల దగ్గర గుర్తులు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య దూరం కచ్చితంగా 5 మీటర్లు వచ్చేదాకా తాడు జరపాలి. అప్పుడు ఆ మూల నిక్కచ్చిగా లంబకోణం. ఆ తాడు వెంటే 18 మీటర్లు, 9 మీటర్లు కొలుచుకుని నాలుగు మేకులూ కొట్టాక, మూల నుంచి మూలకి టేపు పెట్టి చూడాలి, రెండు కర్ణాలూ 20.12 మీటర్లు రావాలి. మాకు మొదట ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ వచ్చింది. మాస్టారు ఒక మేకు పీకించి కాస్త జరిపించారు, ఈసారి రెండూ సమానం. స్కూల్లో బట్టీ పట్టిన పైథాగరస్ సిద్ధాంతం మట్టిలో మేకులతో పనిచేస్తుంటే పక్కన నిలబడ్డ పిల్లలు కళ్లార్పకుండా చూశారు, రెండో కోర్టు వాళ్లే గీశారు.

గీతల కన్నా గీతల అవతల ఖాళీ ముఖ్యం అని కూడా మాస్టారే చెప్పారు. కోర్టు చుట్టూ కనీసం 3 మీటర్లు ఏమీ అడ్డు లేకుండా ఉండాలి, బంతి మీదే చూపు పెట్టి వెనక్కి పరిగెత్తేవాడు కుర్చీని గానీ టెంటు గుంజని గానీ చూసుకోడు. ఆ లెక్కన మేం అనుకున్న చోట ఒక షామియానా గుంజ లోపలికి వస్తోంది, టెంట్‌హౌస్ వాళ్లతో అప్పటికప్పుడు మార్పించాం. నెట్ ఎత్తు మగవాళ్లకి 2.43 మీటర్లు, ఆడవాళ్లకి 2.24. కొలత నెట్ మధ్యలో చూడాలి, అంచుల దగ్గర కాదు. ఎండకీ లాగుడుకీ తాడు సాగి మధ్యలో దిగిపోతుంది, అందుకే ఒక పొడుగాటి కర్ర మీద రెండు ఎత్తులూ మార్క్ చేసి స్కోరర్ దగ్గర ఉంచాం, రెండు మ్యాచ్‌లకోసారి పెట్టి చూడ్డానికి.

మహిళల వాలీబాల్‌కి మొదట చాలా తక్కువ పేర్లు వచ్చాయి. 'వాళ్లకి ఇంట్రెస్ట్ లేదు, తీసేద్దాం' అనే మాట కమిటీలో వచ్చింది. నేను తీసేయనివ్వలేదు, ఇళ్లకి వెళ్లి అడిగాను. మా వీధి చివర పిన్నిగారు స్కూల్ రోజుల్లో జిల్లా స్థాయిలో ఆడిన మనిషి.

"పిన్నీ, పేరు రాసుకోమంటారా?"

"ఆడాలనే ఉందిరా నాయనా. పొద్దున ఎనిమిదింటికి పెడితే ఇంట్లో పనెవరు చేస్తారు? పిల్లాడిని ఎవరు చూస్తారు? చెమటపట్టిన బట్టలు ఎక్కడ మార్చుకోవాలి?"

మూడు ప్రశ్నలూ న్యాయమైనవే, మూడింటికీ మా చేతుల్లోనే జవాబుంది. మ్యాచ్‌లు సాయంత్రం నాలుగింటికి మార్చాం. గడియ ఉన్న గది ఒకటి వాళ్ల కోసమే ఖాళీ చేయించి తాళంచెవి వాళ్లకే ఇచ్చాం. పిల్లల బొమ్మల పోటీని సరిగ్గా అదే టైంకి, కోర్టుకి ఎదురుగా ఉన్న టెంటు కిందకి మార్చాం, తల్లి ఆడుతుంటే పిల్లాడు కళ్లెదుటే కూర్చుని రంగులు వేసుకుంటాడు. ఈ మూడు మార్పులు చెప్పాక నాలుగు టీములకి సరిపడా పేర్లు వచ్చాయి. టైం, స్థలం, పిల్లలు, ఈ మూడూ చూడకుండా ఆడవాళ్లకి ఆసక్తి లేదని తేల్చేసేవాళ్లంటే నాకు నిజంగా కోపం వస్తుంది.

చెస్‌కి కూడా నాకౌట్ వద్దన్నాను. స్విస్ పద్ధతి అని ఉంది, 1895లో జ్యూరిక్‌లో జరిగిన టోర్నమెంట్‌తో మొదలైంది కాబట్టి ఆ పేరు. ఇందులో ఎవరూ బయటికి పోరు. ప్రతి రౌండ్‌లో సమాన పాయింట్లున్నవాళ్లని జతచేస్తారు, ఒకసారి ఆడినవాళ్లు మళ్లీ తలపడరు. 32 మంది దాకా ఉంటే 5 రౌండ్లతో సాధారణంగా విజేత తేలిపోతాడు. మొదటి గేమ్ ఓడిన పిల్లాడికి రెండో గేమ్‌లో తనలాగే ఓడిన పిల్లాడు ఎదురవుతాడు, ఏదో ఒక గేమ్ గెలిచే ఇంటికి వెళ్లే అవకాశం ఎక్కువ. జతలు వేయడానికి ఫ్రీ సాఫ్ట్‌వేర్లున్నాయి, కొద్దిమందే అయితే పేపర్ మీదైనా వేసుకోవచ్చు. చెస్, క్యారమ్స్ లాంటి నీడ పట్టున ఆడేవన్నీ మేం పదకొండున్నర నుంచి మూడున్నర మధ్యలో పెట్టాం, ఆ టైంలో బయట ఏ ఆటా లేదు. ఎండలో ఆడించి ఎవరైనా పడిపోతే ఆ తర్వాత ఎంత బాగా నడిపినా ఒకటే. ఎండదెబ్బ గురించి వాలంటీర్లందరికీ నేర్పించిన విషయం ఒకటుంది: మనిషి తికమకగా మాట్లాడుతున్నా, తూలుతున్నా వెంటనే నీడలోకి తెచ్చి ఒంటిమీద నీళ్లు పోసి, విసురుతూ, మెడ దగ్గర, చంకల్లో ఐస్ పెట్టాలి. అంబులెన్స్‌కి ఫోన్ చేస్తూనే ఇది మొదలవ్వాలి, వాళ్లు వచ్చాక చూసుకుంటారులే అని ఆగకూడదు. గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కే సీపీఆర్ తెలిసినవాళ్లు ఇద్దరు ఎప్పుడూ గ్రౌండ్‌లో ఉండేలా షిఫ్టులు వేశాం, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకి నొక్కాలని వాళ్లే మిగతావాళ్లకి చూపించారు. గేటు నుంచి స్టేజీ దాకా అంబులెన్స్ పట్టేంత దారిలో ఒక్క బైకు కూడా ఆపనివ్వలేదు. దేవుడి దయవల్ల బెణుకులు, మోకాళ్లు గీసుకుపోవడం తప్ప ఏమీ జరగలేదు.

తాడు లాగుడు గురించి మాత్రం కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే దీన్ని అందరూ సరదా ఆట అనుకుని జాగ్రత్తలు వదిలేస్తారు. 1900 నుంచి 1920 దాకా ఒలింపిక్స్‌లో ఉన్న ఆట ఇది. 1997లో తైపీలో 1600 మందికి పైగా ఒకే తాడు లాగుతుంటే అది తెగిపోయి, ఆ ఊపుకి ఇద్దరి చేతులు తెగిపోయాయి. తర్వాత డాక్టర్లు వాటిని తిరిగి అతికించారు. ఒత్తిడిలో ఉన్న తాడు తెగితే ఎంత బలంగా వెనక్కి కొడుతుందో చూసేవాళ్లకి తెలీదు. అంతర్జాతీయ రూల్స్ ప్రకారం టీమ్‌కి 8 మంది, తాడు చుట్టుకొలత 10 నుంచి 12.5 సెంటీమీటర్లు, పొడవు కనీసం 33.5 మీటర్లు, 4 మీటర్లు లాగితే గెలుపు. బట్టలారేసే నైలాన్ తాళ్లు, బావి తాళ్లు ఈ ఆటకి వాడకూడదు. మేం ఒక కాలేజీ నుంచి అసలైన తాడే అడిగి తెచ్చాం, పొడవునా చేత్తో తడిమి ఎక్కడా పురి వీడలేదని చూసుకున్నాం. ముడులు, ఉచ్చులు వేయకూడదు, చేతికి చుట్టుకోకూడదు, అంతే. విజిల్ వేసే ముందు మాస్టారు రెండు వైపులా నడుస్తూ ఒక్కో చెయ్యీ చూశారు. ఒక కుర్రాడు మణికట్టుకి ఒక చుట్టు చుట్టుకుని ఉన్నాడు.

"తమ్ముడూ, ఆ చుట్టు తియ్యి."

"పట్టు జారుతోంది సార్."

"జారితే ఓడిపోతావు, అంతే కదా. తియ్యి."

తీసేదాకా విజిల్ వేయలేదు. ఈ ఆటకి వాలీబాల్ టీముల్ని అలాగే దించకుండా లాట్స్ తీసి కలిపేశాం. గ్రూపులో మూడో స్థానం వచ్చినవాళ్లు, రెండో కప్పువాళ్లు, పాటల పోటీకి వచ్చినవాళ్లు, చూడ్డానికి వచ్చిన తండ్రులు, అందరూ కలగలిసిపోయారు. పొద్దున ఎదురెదురుగా అరుచుకున్న ఇద్దరు కెప్టెన్లు ఒకే తాడు పట్టుకున్నారు. సాయంత్రం దాకా జనం ఉండాలన్న మాట నెరవేరిందంటే అందులో సగం పుణ్యం ఈ ఆటదే, అందుకే దీన్ని అయిదున్నరకి, స్టేజీ కార్యక్రమాలకి సరిగ్గా ముందు పెట్టాం.

ఆటల రోజున పాటలూ డాన్సులూ ఎందుకు, వేరే రోజు పెట్టుకుందాం అన్నవాళ్లు ఉన్నారు. ఆధునిక ఒలింపిక్స్ మొదలుపెట్టిన పియర్ డి కూబర్టిన్ పట్టుబట్టి 1912 నుంచి 1948 దాకా సాహిత్యం, సంగీతం, చిత్రలేఖనం, శిల్పం, వాస్తుకళకి కూడా ఒలింపిక్ పతకాలు ఇప్పించాడు, ఆటా కళా ఒకే చోట ఉండాలన్నది ఆయన గట్టి నమ్మకం. నా కారణం ఇంకా చిన్నది. ఆడేవాళ్లు పాడేవాళ్లని చూడరు, పాడేవాళ్లు ఆడేవాళ్లని చూడరు, వేరే రోజుల్లో పెడితే కాలనీ రెండు ముక్కలుగా వస్తుంది. ఒకే రోజు పెడితే పొద్దున సర్వీసు చేసిన కుర్రాడు సాయంత్రం పక్కింటి అమ్మాయి కూచిపూడి చూస్తాడు.

కళల పోటీల్లో అసలు తలనొప్పి జడ్జిమెంటు. ముగ్గురు జడ్జిలు ఉంటారు, ఒకరు అందరికీ 7, 8, 9 మధ్యే వేస్తారు, ఇంకొకరు 3 నుంచి 10 దాకా వేస్తారు. మార్కులు ఊరికే కూడితే ఆ రెండో జడ్జి చెప్పిందే ఫలితం అవుతుంది, మిగతా ఇద్దరూ ఉన్నా లేనట్టే. అందుకే మేం ప్రతి జడ్జి మార్కుల్ని వాళ్ల వాళ్ల వరసలోకి మార్చి, ఒకటో స్థానం, రెండో స్థానం అని రాసుకుని, ఆ స్థానాలు కూడాం. తక్కువ వచ్చినవాళ్లు ఫస్ట్. ముగ్గురి మాటకీ సమాన బరువు.

ఇంకోటి, ముందు పాడినవాళ్లకి అన్యాయం జరుగుతుందా అని ఒక తల్లి అడిగారు, మంచి ప్రశ్న. బ్రస్సెల్స్‌లో జరిగే క్వీన్ ఎలిజబెత్ పియానో పోటీల ఫలితాలని ఆర్థికవేత్తలు పరిశీలిస్తే, ఎవరు ఎప్పుడు వాయించాలో లాటరీతోనే నిర్ణయించినా మొదట్లో వాయించినవాళ్లకన్నా ఆలస్యంగా వాయించినవాళ్లకి మెరుగైన ర్యాంకులు వస్తున్నట్టు తేలింది. అంత పెద్ద పోటీలోనే అలా ఉంటే మన దగ్గర ఎందుకు ఉండదు? పూర్తిగా పోగొట్టలేం గానీ తగ్గించొచ్చు. వరస అందరి ముందు చీటీలు తీసి ఖాయం చేశాం. పోటీలో లేని ఇద్దరితో ముందు పాడించి జడ్జిలని వాళ్లకి మార్కులు వేయమన్నాం, అవి లెక్కలోకి రావు, జడ్జిల చెయ్యి కుదురుకోవడానికే. మధ్యలో ఒకసారి ఆపి, ఇప్పటిదాకా వేసిన మార్కులు వాళ్లనే మళ్లీ చూసుకోమన్నాం. పదేళ్లలోపు పిల్లల బొమ్మలకి ర్యాంకులే ఇవ్వలేదు, అన్నీ తాడుకి క్లిప్పులతో తగిలించి కింద పేర్లు రాశాం. ఇదొక్కటీ ఎవరు ఎంత చెప్పినా మార్చనివ్వలేదు.

మైకుల సంగతి క్లుప్తంగా. సౌండ్ బాక్సులు ఎప్పుడూ స్టేజీ అంచుకి ముందుండాలి, మైకులు వాటికి వెనక. కార్డ్‌లెస్ మైకు పట్టుకున్న యాంకర్ ఉత్సాహంగా బాక్సుల ముందుకి నడిచినప్పుడల్లా చెవులు చిల్లులు పడేలా కూత వస్తుంది. స్టేజీ మీద తెల్ల టేపుతో గీత వేసి ఇది దాటొద్దని చెబితే సమస్యే లేదు. డాన్సుల ట్రాకులు ముందురోజు రాత్రికల్లా తెప్పించుకుని, వరస నంబర్లతో పేర్లు మార్చి, ఒకే ల్యాప్‌టాప్‌లో పెట్టి, ఇంకో కాపీ పెన్‌డ్రైవ్‌లో ఉంచాలి. "పాట నా ఫోన్‌లో ఉందండీ" అంటూ ఫోన్ చేతికిస్తే మధ్యలో కాల్ వస్తుంది. మాకు ఒక గ్రూప్ డాన్స్ సగంలో జనరేటర్ ఆగిపోయింది, జనం చప్పట్లతో తాళం వేస్తుంటే పిల్లలు ఆపకుండా పూర్తి చేశారు. అయినా రూల్ పేపర్లో 'కరెంటు వల్ల ఆగితే చివర్లో మళ్లీ అవకాశం' అని ఉంది కాబట్టి మళ్లీ చేయమన్నాం, జడ్జిలు రెండోదానికే మార్కులు వేశారు. మైకు సెట్ వాళ్లు చెప్పిన టైం కన్నా చాలా ఆలస్యంగా వచ్చారు, అప్పటిదాకా కాస్త టెన్షన్ పడ్డాం గానీ స్టేజీ మొదలుకి రెండు గంటల ముందు టైం చెప్పి ఉండటంతో గట్టెక్కాం.

వాలంటీర్లకి ఒకటే సూత్రం, ఒక మనిషికి ఒకే పని, పేరు బ్యాడ్జీ మీద ఆ పని. స్కోరింగ్ మొత్తం హైస్కూల్ పిల్లలకి ఇచ్చాం, పెద్దవాళ్ల కన్నా జాగ్రత్తగా రాశారు. నేను ఏ పనీ పెట్టుకోలేదు, ఎక్కడ ఇబ్బంది వస్తే అక్కడికి వెళ్లడానికి ఒకరు ఖాళీగా ఉండి తీరాలి, నడిపేవాడే ఆ ఒకరు కావడం మంచిది. సర్టిఫికెట్ల మీద పేర్లు తప్పులు పోకుండా రిజిస్ట్రేషన్ అప్పుడే ఎవరి పేరు వాళ్లతోనే రాయించుకున్నాం. పాల్గొన్న ప్రతివాళ్లకీ సర్టిఫికెట్, గెలిచినవాళ్లకి కప్పులు, డబ్బు బహుమతి దేనికీ పెట్టలేదు. డబ్బు పెడితే బయటి ఆటగాళ్లని తెచ్చుకోవడం మొదలవుతుంది, అప్పుడు ఏడాదికోసారి ఆడే మనిషికి టీమ్‌లో చోటే ఉండదు. చీఫ్ గెస్టు ప్రసంగం అయిదు నిమిషాలని ముందే మర్యాదగా చెప్పాం, ఆయన అంతకన్నా తొందరగానే ముగించారు.

బహుమతుల టైంకి కుర్చీలు చాలక వెనక నిలబడ్డారు. టీమ్ లేనివాళ్లతో కట్టిన ఆ 12వ టీమ్ రెండు మ్యాచ్‌లూ ఓడిపోయింది, కానీ ఆరుగురూ చివరిదాకా ఉన్నారు, రిటైరైన పెద్దాయన తాడు లాగుడులో గెలిచిన వైపున్నారు.

మర్నాడు పొద్దున గ్రౌండ్ శుభ్రం చేసేటప్పుడు మేకులు లెక్కపెట్టుకుని పీకండి, మట్టిలో ఒక్కటి మిగిలినా రేపు ఆడుకునే పిల్లాడి కాల్లో దిగుతుంది. కొట్టిన రోజే ఎన్ని కొట్టామో రాసుకున్నాం కాబట్టి దొరకని ఒక్కదాని కోసం వెతికి మరీ తీశాం. వసూలైన డబ్బు, ఖర్చు, మిగిలింది, బిల్లుల కాపీలతో సహా వారంలోపే నోటీస్ బోర్డులో పెట్టాం. ఫిక్చర్ షీట్లు, కెప్టెన్లు సంతకం పెట్టిన రూల్ పేపర్, కోర్టు కొలతలు, ఎత్తులు మార్క్ చేసిన ఆ కర్ర కమిటీ గదిలో ఉన్నాయి. వచ్చేసారి నడిపేవాళ్లు మార్చాల్సినవి రెండు కనిపిస్తున్నాయి. మహిళల మ్యాచ్‌లకి మహిళా రిఫరీ కావాలని ఆడినవాళ్లే అడిగారు, పిన్నిగారు నేర్చుకుంటానన్నారు. చూపు సరిగా లేని ఇద్దరు పెద్దవాళ్లు పాటల పోటీకి పేరిచ్చి మెట్లు చూసి వెనక్కి తగ్గారు, స్టేజీకి ఒక పక్క వాలుగా చెక్కబల్ల, పట్టుకోవడానికి రెయిలింగ్ పెట్టించాలి. టెంట్‌హౌస్ వాళ్లని ఇప్పుడే అడిగి ఉంచాం.